మెడలో సుత్తి, ఒళ్ళో పిల్లి

సుత్తి అనగానే మన తెలుగువాళ్ళకి ముందు జంధ్యాల గుర్తొస్తాడు. 1982లో ‘నాలుగు స్తంభాలాట’ వచ్చినప్పట్నుంచీ సుత్తి అంటే మేకులు కొట్టేది కాదు, ఎదుటివాడి బుర్ర తినేది. ఇప్పుడు నేను చెప్పబోయేది కూడా సుత్తి గురించే. కాకపోతే ఇది వెండిది. బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది, అంతే. మా టీంలో టెస్టింగ్ చూసే ఒకావిడ మెడలో వేలాడుతూ ఉంటుంది. దాన్ని ఆఫీసులో తీసెయ్యమనాలా వద్దా అన్న చర్చలోకి ఈమధ్య నన్ను కూడా లాగారు. అందుకని నా అభిప్రాయం ఏదో వివరంగా రాసేద్దామని కూర్చున్నాను.

ముందే చెప్పేస్తున్నా, తీసెయ్యక్కర్లేదనే నా ఉద్దేశం. కానీ "ఎవరిష్టం వాళ్ళది, మనకెందుకు" అని ఒక్కముక్కలో తేల్చేసే విషయం కాదిది. కాస్త ఓపిక పట్టండి.

నేనుండేది స్వీడన్లో, గోథెన్‌బర్గ్‌లో. ఆ సుత్తి థోర్ దేవుడి ఆయుధం, పేరు మ్యోల్నిర్. కొత్తగా చేరిన కుర్రాళ్ళు దాన్ని చూసి "ఓ, మార్వెల్ ఫ్యానా?" అని అడుగుతూంటారు. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. మార్వెల్ వాళ్ళు థోర్‌ని కామిక్సులోకి తెచ్చింది 1962లో, సినిమా తీసింది 2011లో. ఈవిడ మొక్కేది అంతకు ముందు వెయ్యేళ్ళనాటి థోర్‌కి. వాళ్ళ మార్గాన్ని ‘ఫోర్న్ సెద్’ అంటారు. పాత ఆచారం అని అర్థం. (వినగానే మనకి బాగా తెలిసిన ఇంకో మాట గుర్తొస్తుంది కదూ!) అలాగని ఆవిడేమీ కొమ్ముల శిరస్త్రాణం పెట్టుకుని గొడ్డలి పట్టుకుని తిరగదు. పొద్దున్నే ట్రామ్ ఎక్కి ఆఫీసుకొస్తుంది, బగ్గులు ఫైల్ చేస్తుంది, మూడింటికి మాతో ఫికాకి కూర్చుని కాఫీలో దాల్చినచెక్క బన్ను నంజుకుంటుంది. ఏడాదికి నాలుగైదుసార్లు తనలాంటి వాళ్ళతో కలిసి ఓ చెట్టుకింద వలయంగా నిలబడి, కొమ్ములో పోసిన తేనె సారాని తలా ఓ గుక్క తాగి, దేవతల పేరు చెప్పి కొంచెం నేలమీద పోస్తారు. అంతే.

ఆవిడకి రెండు పిల్లులు. అవి కూడా ఈ కథలో ముఖ్యమైన పాత్రలే.

ఆవిడ ఊరెళ్ళినప్పుడు ఆ పిల్లుల్ని చూసే డ్యూటీ మాది. ఇక్కడ పిల్లిని కనీసం రోజుకి రెండుసార్లు చూసుకోవాలని ప్రభుత్వ నిబంధన ఉంది. గిన్నెలో గింజలు పోసేసి వారం రోజులు టూరుకి పోతానంటే కుదర్దు. 2023 జనవరి 1 నుంచి పెంపుడు పిల్లికి గుర్తింపు వేయించి రిజిస్టర్ చేయించడం కూడా తప్పనిసరి. చాలామంది మెడ దగ్గర చర్మం కింద బియ్యపుగింజంత చిప్ పెట్టిస్తారు. అంటే పిల్లి గుర్తింపేమో చర్మం లోపల, యజమానురాలి గుర్తింపేమో మెడ బయట. పిల్లిది ఎవరికీ కనపడదు కాబట్టి దానికి ఏ గొడవా లేదు :-)

నగలకీ పిల్లులకీ ఒక ఇంట్లో పడదని నాకు వాళ్ళింట్లోనే తెలిసింది. మొదట్లో ఆ సుత్తి తోలుతాడుకి ఉండేది. పిల్లి ఒళ్ళో పడుకున్నంతసేపూ ఆ తాడుని కొరికేది. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ చాలా ప్రమాదం. పిల్లి నాలుక మీద ముళ్ళు గొంతు వైపుకి వాలి ఉంటాయి. దారంలాంటిది ఒకసారి నోట్లోకి వెళ్ళిందంటే ఉమ్మెయ్యడం దానికి కష్టం, లోపలికే పోతుంది. కడుపులోకి పోయాక ఓ కొస ఎక్కడైనా చిక్కుకుంటే, పేగు ఆ దారం మీదకి చీర కుచ్చిళ్ళలా ముడుచుకుపోతుంది. ఆపరేషన్ దాకా వెళ్తుంది. మన ఇళ్ళల్లో పూలదండల దారాలు, తోరాలు, రాఖీలు ఎలా పడేస్తామో తెలుసుగా. పిల్లి ఉన్నవాళ్ళు కాస్త జాగ్రత్త. ఆవిడ ఇప్పుడు వెండి గొలుసుకి మారింది. రాత్రిపూట తీసి మూత ఉన్న డబ్బాలో పెడుతుంది. పిల్లుల మెడపట్టీలు కూడా ఎక్కడైనా తగులుకుంటే వాటంతటవే ఊడొచ్చే రకం.

ఇంతకీ ఈ సుత్తి నిజంగా పాతదేనా? అక్షరాలా పాతదే. డెన్మార్క్, స్వీడన్ చుట్టుపక్కల తవ్వకాల్లో ఇలాంటి బిళ్ళలు వందల్లో దొరికాయి. అవి సుత్తులేనా అని కొందరు పండితులకి అనుమానం ఉండేది. 2014లో డెన్మార్క్‌లోని లోలాండ్ ద్వీపంలో, కోబెలెవ్ అనే చోట, మెటల్ డిటెక్టర్‌తో వెతికే ఒకతనికి పదో శతాబ్దపు బిళ్ళ ఒకటి దొరికింది. దానిమీద రూన్ లిపిలో ఏం రాసుందో తెలుసా? "ఇది సుత్తి" అని! ఐ ప్లస్ ప్లస్ పక్కన "ఐ విలువ ఒకటి పెంచుతున్నాం" అని కామెంటు రాసేవాడు మన టీంలో ఒకడుంటాడు చూడండి, వాడి పూర్వీకుడే అయ్యుంటాడు. కానీ వెయ్యేళ్ళ తర్వాత ఆ పనికిమాలిన కామెంటే పండితుల గొడవ తీర్చింది. డాక్యుమెంటేషన్ ఎప్పుడూ వృథా పోదు.

నాకు దానికంటే నచ్చింది ఇంకోటుంది. డెన్మార్క్‌లోనే ట్రెండ్‌గార్డెన్‌లో దొరికిన ఒక రాతి అచ్చు, అది కూడా పదో శతాబ్దానిదే, ఇప్పుడు కోపెన్‌హాగన్ మ్యూజియంలో ఉంది. ఆ ఒక్క అచ్చులోనే సుత్తీ పోతపొయ్యొచ్చు, క్రైస్తవుల శిలువా పోతపొయ్యొచ్చు. దేశం మతం మారుతున్న రోజులవి. కంసాలి మాత్రం ఎవరికి కావాల్సింది వాళ్ళకి చేసిచ్చి డబ్బు తీసుకున్నాడు. ఆ అచ్చు చూస్తే పక్కపక్క ఇళ్ళల్లోనే సుత్తివాళ్ళూ శిలువవాళ్ళూ ఉండేవాళ్ళని తెలుస్తోంది.

పిల్లుల సంగతికొస్తే, ఫ్రేయా అని వాళ్ళకో దేవత. ప్రేమకీ, అందానికీ, అటు యుద్ధంలో చచ్చినవాళ్ళకీ ఆవిడే. ఆవిడ మెడలో బ్రీసింగమెన్ అని ప్రసిద్ధమైన హారం. ఆవిడ రథాన్ని లాగేవి రెండు పిల్లులు. ఇదంతా 1220 ప్రాంతాల్లో ఐస్లాండ్‌లో స్నోరి స్టుర్లుసన్ రాసిన ఎడ్డాలో ఉంది. ఓసారి థోర్ సుత్తిని ఒక రాక్షసుడు దొంగిలించి, ఫ్రేయాని పెళ్ళిచేస్తేగాని ఇవ్వనంటాడు. అప్పుడు థోరే ఫ్రేయా హారం వేసుకుని, ముసుగు కప్పుకుని, పెళ్ళికూతురి వేషంలో వెళ్తాడు. పెళ్ళి తంతులో భాగంగా సుత్తిని తెచ్చి పెళ్ళికూతురి ఒళ్ళో పెట్టగానే దాన్ని అందుకుని అందర్నీ చావగొడతాడు. ద్రౌపది వస్తుందనుకుని చీకట్లో భీముడి చేతికి చిక్కిన కీచకుడు గుర్తుకురావట్లా?

ఇంకో కథలో థోర్‌ని ఒక పిల్లిని ఎత్తి చూపించమంటారు. ఇంతేనా అని పట్టుకుని ఎంత లాగినా ఒక్క కాలు మాత్రం లేస్తుంది. తీరాచూస్తే అది పిల్లి కాదు, భూమిని చుట్టుకుని ఉన్న మహాసర్పం. వాళ్ళ పెద్ద పిల్లిని డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళడానికి బుట్టలో పెట్టాల్సొచ్చినప్పుడల్లా నాకు ఈ కథ అక్షరసత్యమనిపిస్తుంది.

అయితే పాతదనంతా పాతది కాదు. ఇక్కడ నేను ఆవిడతో కూడా వాదన పెట్టుకుంటాను. ఫ్రేయా పిల్లుల పేర్లు అని నెట్‌లో రెండు పేర్లు తెగ తిరుగుతుంటాయి. స్నోరి వాటికి పేర్లే పెట్టలేదు. ఆ పేర్లు డయానా పాక్సన్ అనే అమెరికన్ రచయిత్రి 1984 నాటి నవలలోవి. ‘వైకింగ్ దిక్సూచి’ అని ఉంగరాల మీదా, పచ్చబొట్ల మీదా కనిపించే వెగ్విసిర్ అనే గుర్తు ఉంది. అది దొరికేది 1860 నాటి ఐస్లాండ్ చేతిరాత పుస్తకంలో. వైకింగులు పోయి అప్పటికి ఎనిమిది వందల ఏళ్ళు. పోనీ ఆ కాలంలో పిల్లుల్ని నెత్తిన పెట్టుకున్నారా అంటే అదీ లేదు. ఎరిక్ ది రెడ్ గాథలో జోస్యం చెప్పే ఆవిడ వేసుకున్న చేతి తొడుగులు తెల్లపిల్లి చర్మంవి!

కొత్తదైతే ఏం, నమ్మితే చాలదా అంటుంది మా కొలీగ్. నిజమే. మనకి సంతోషిమాత ఇంటింటికీ వచ్చింది 1975 సినిమా తర్వాతే కదా. ఆ శుక్రవారం నోముల్లో భక్తి లేదని ఎవరనగలరు? కొత్త నమ్మకం తప్పు కాదు. కొత్తదాన్ని వెయ్యేళ్ళదని చెప్పి అమ్మడం తప్పు. ఈ విషయంలో మనం ఎవరికీ పాఠాలు చెప్పే స్థితిలో లేమనుకోండి. పుష్పక విమానం ఇంజనీరింగ్ గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో వచ్చేవి చూస్తూనే ఉన్నాంగా.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు మాతోపాటు ఆ పిల్లులకి తిండి పెట్టడానికి వచ్చింది. తలుపు తియ్యగానే నల్లపిల్లి ఎదురొచ్చింది. అమ్మ రెండడుగులు వెనక్కేసి, "ఒరే, కాసేపు కూచుని వెళ్దాం ఆగు" అంది. మెట్లమీద కూచుని మంచినీళ్ళు తాగి మళ్ళీ లోపలికెళ్ళాం. రెండోరోజూ అదే తంతు. మూడోరోజుకి "పిల్లి వాళ్ళిల్లేగా, మనమే దానికి ఎదురొస్తున్నాం" అని తనే ఓ తీర్పు ఇచ్చేసింది. ఊరినుంచి తిరిగొచ్చాక ఆవిడ మా ఇంటికి భోజనానికొచ్చింది. అమ్మ కళ్ళు గొలుసు మీదే. "ఏంట్రా అది, తాయెత్తా?" అంది. అలాంటిదేనమ్మా, రక్షకి వేసుకుంటారు అన్నాను. "పిల్ల బోసిమెడతో లేదు, నయం" అని ఇంకో గరిటె పప్పుచారు పోసింది. సుత్తి గురించి నేను చదివిన వ్యాసాలన్నీ కలిపినా ఇంత తేలిగ్గా విషయం తేల్చలేదు.

సరే, ఇప్పుడు అసలు గొడవ.

ఈ గుర్తుల్ని ఇంకోరకం వాళ్ళు కూడా వేసుకుంటారు. హిట్లర్ ఎస్సెస్ దళం తన చిహ్నంగా రూన్ అక్షరాన్నే పెట్టుకుంది. నార్డిక్ రెసిస్టెన్స్ మూవ్‌మెంట్ అని ఇక్కడి నయా నాజీ ముఠా జెండా మీద ఉండేది టీర్ రూన్. 2017 సెప్టెంబర్ 30న వాళ్ళు వందలమంది మా ఊళ్ళోనే కవాతు చేశారు. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు మీద పడ్డ గుంపులో కొమ్ముల టోపీతో ఫొటోలకెక్కినతని ఒంటిమీద పచ్చబొట్లలో ఈ సుత్తి కూడా ఉంది. కాబట్టి నల్లచర్మం వాళ్ళకీ, మనలాంటి గోధుమరంగు వాళ్ళకీ ఆ గుర్తు చూడగానే గుండె ఒక్క క్షణం ఆగడంలో వింతేమీ లేదు. రాత్రి పదకొండింటి ట్రామ్‌లో, గుండు కొట్టించుకుని మెడమీద రూన్లు పొడిపించుకున్న నలుగురు ఎక్కితే నేను మరుసటి స్టాప్‌లో దిగిపోతాను. నాకు నార్స్ పురాణాలు తెలుసు కదా అని అక్కడే కూచోను. ఆ జాగ్రత్తని ఎవరూ వెక్కిరించక్కర్లేదు.

సంగతేంటంటే, మా క్లయింట్ ఆఫీసులో ఎవరికో ఆవిడ గొలుసు మీద అనుమానమొచ్చింది. అక్కడి మేనేజరు నన్ను పక్కకి పిలిచి, చాలా మర్యాదగా, "నీకు దానివల్ల ఇబ్బందిగా ఉందా? ఉంటే చెప్పు, మేం చూసుకుంటాం" అన్నాడు. టీంలో విదేశీయుణ్ణి నేనే కదా. నాకు ఇబ్బంది ఉందంటే ఆయన పని తేలికైపోతుంది. నేను లేదన్నాను. ఇంకోటి కూడా అన్నాను. "నాకు భయమేస్తే నేనే చెప్తాను. నా తరఫున మీరు భయపడి, ఆ భయాన్ని ఆవిడకి నోటీసుగా ఇవ్వొద్దు. రూలు పెట్టాలనుకుంటే అందరికీ పెట్టండి."

ఆ చివరిమాట ఊరికే అనలేదు. ఇది మన ఐటీ వాళ్ళు తెలుసుకోవాల్సిన విషయం. ఫ్రాన్స్‌లో ఒక డిజైన్ ఇంజనీరు, కన్సల్టెన్సీ తరఫున క్లయింట్ దగ్గరకి వెళ్ళేది. తలకి కట్టుకున్న గుడ్డ నచ్చలేదని క్లయింట్ చెప్తే 2009లో ఆవిడ ఉద్యోగం పోయింది. కేసు యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. అక్కడ 2017 మార్చి 14న, క్లయింటుకి ఇష్టం లేకపోవడం అన్నది ఉద్యోగానికి తప్పనిసరి అర్హత కింద రాదని తేల్చారు. అయితే అదేరోజు బెల్జియం నుంచి వచ్చిన ఇంకో కేసులో, మతాన్నీ ఆలోచననీ సూచించే గుర్తులేవీ పైకి కనపడకూడదని కంపెనీ అందరికీ ఒకేలా రూలు పెట్టుకుంటే అది నేరుగా వివక్ష కిందకి రాదని కూడా చెప్పారు.

అంతకుముందు 2013లో స్ట్రాస్‌బర్గ్‌లోని మానవహక్కుల న్యాయస్థానం, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో శిలువ వేసుకున్న ఉద్యోగిని పక్షాన తీర్పిచ్చింది. అదే తీర్పులో, శిలువ గొలుసు వేసుకుంటానన్న ఒక నర్సు మాత్రం ఓడిపోయింది. కారణం మతం కాదు, రోగులు పట్టుకు లాగితే ప్రమాదమని. పిల్లులున్న ఇంట్లో రాత్రి గొలుసు తీసి డబ్బాలో పెట్టడం లాంటిదే ఇది. ఆ కారణం చెప్పి ఎవర్ని తియ్యమన్నా నాకు అభ్యంతరం లేదు. కీబోర్డు ముందు కూచునే ఉద్యోగంలో ఆ ప్రమాదం ఎక్కడుంది?

ఇప్పుడు ఆ "అందరికీ ఒకే రూలు" గురించి ఆలోచించండి. సుత్తి తియ్యమంటే శిలువ తియ్యాలి. శిలువ తియ్యమంటే మా ఆవిడ నల్లపూసలూ, మంగళసూత్రమూ, నుదుట బొట్టూ అన్నీ ఆ లిస్టులోకొస్తాయి. "మాది మతం కాదండీ, సంప్రదాయం" అంటే వినడానికి అక్కడ మా అమ్మ ఉండదు. పక్కవాడి మెడ మీదకి మనం తోసిన కత్తి తిరిగొచ్చేది మన మెడ మీదకే.

దీనికంటే పెద్ద కారణం ఇంకోటుంది. అది స్వస్తికం. మేం ఇల్లు మారినప్పుడు మా ఆవిడ పసుపుతో తలుపు మీద స్వస్తికం వేసింది. ఎదురింటి పెద్దాయన దాన్ని చూసి గుటకలు మింగి లోపలికెళ్ళిపోయాడు. మర్నాడు తలుపు కొట్టి, "అడగొచ్చా?" అన్నాడు. కాఫీ ఇచ్చి కూచోబెట్టి చెప్పాను. పూర్తిగా విన్నాడు. ఆయన అడగకుండా నేరుగా ఫిర్యాదు చేసుంటే తప్పుపట్టగలమా? ఆయన తరం మనుషులకి ఆ గుర్తు అంటే ఏమిటో మనకి తెలుసు. అయినా అడిగాడు. 2022లో కాలిఫోర్నియా తన చట్టంలో నాజీల హాకెన్‌క్రాయిట్స్ వేరు, హిందువుల బౌద్ధుల జైనుల స్వస్తికం వేరు అని రాసుకున్నప్పుడు మనవాళ్ళంతా సంబరపడ్డాం. ఆ తేడా చూడమని లోకాన్ని అడిగేవాళ్ళం, సుత్తి దగ్గరకొచ్చేసరికి మనం చూడకపోతే ఎలా?

చూడ్డం పెద్ద కష్టం కూడా కాదు. ఒక్క గుర్తుని కాదు, దానిపక్కన ఏముందో చూడాలి. ఎవరితో తిరుగుతున్నారు, ఏం మాట్లాడుతున్నారు, ఇంకేం గుర్తులున్నాయి అన్నది చూడాలి. ద్వేషచిహ్నాల జాబితాలు తయారుచేసే అమెరికా యూదుల సంస్థ ఏడీఎల్ కూడా, థోర్ సుత్తిని వేసుకునే వాళ్ళలో ఎక్కువమంది జాత్యహంకారులు కారనే రాసింది. అమెరికా ప్రభుత్వం 2013 నుంచి సైనికుల సమాధిరాళ్ళ మీద దీన్ని చెక్కనిస్తోంది. ఐస్లాండ్‌లో 1972లో మొదలై మరుసటి ఏడాదే గుర్తింపు పొందిన ఆసత్రు సంఘంలో ఇప్పుడు ఐదువేల పైచిలుకు సభ్యులున్నారు. రూన్ కనపడితేనే భయమంటే ముందు మన ఫోన్లో బ్లూటూత్ గుర్తు పీకెయ్యాలి. అది డెన్మార్క్ రాజు హరాల్డ్ బ్లూటూత్ పేరులోని రెండక్షరాల రూన్లు కలిపి చేసిందే. గురువారాన్ని థర్స్‌డే అనడం కూడా మానెయ్యాలి, అది థోర్ వారం కాబట్టి.

ఇక్కడ సుత్తి వేసుకునేవాళ్ళ బాధ్యత కూడా ఉంది. దుర్మార్గులు తమ గుర్తుని ఎత్తుకుపోతుంటే "మా మతం వేరు" అని ఇంట్లో కూచుంటే చాలదు. 2017లో మా ఊళ్ళో ఆ కవాతు జరిగిన రోజు, దానికి అడ్డంగా వేలమంది వీధుల్లోకొచ్చారు. వాళ్ళలో మా కొలీగ్ కూడా ఉందట, అదే సుత్తితో, చొక్కా పైకి కనపడేలా. ఈ సంగతి ఆవిడ నాకు చెప్పలేదు, వాళ్ళాయన చెప్పాడు. ఆ రుజువు ముందు చూపిస్తేనే ఆవిణ్ణి నమ్మాలని నేననను. స్వస్తికం వేసే ప్రతి తెలుగువాడూ ముందు ఏదో ఒక సర్టిఫికెట్ చూపించాలంటే మనం ఊరుకుంటామా? కానీ ఆ రోజు ఆవిడ అక్కడ నిలబడినందుకు, ఇక్కడ పిల్లల్ని పెంచుకుంటున్నవాడిగా నాకు ఆవిడంటే గౌరవం పెరిగింది.

ఆ మేనేజరు ఇప్పటిదాకా ఏ రూలూ పెట్టలేదు. రేపు పెట్టొచ్చు కూడా. పెడితే అది కాగితం మీద, కారణంతో సహా, ఆయన మెడలోని గొలుసుకి కూడా వర్తించేలా ఉండాలని అడుగుతాను. మీ ఆఫీసులో ఎవరి గురించైనా మిమ్మల్ని ఇలా పక్కకి పిలిచి అడిగితే, జవాబు చెప్పేముందు ఆ మనిషితో ఒక్కసారి కాఫీ తాగండి. అనుమానముంటే మా ఎదురింటాయనలా నేరుగా అడగండి. "అడగొచ్చా?" అన్న మాటకి నొచ్చుకున్న మనిషిని ఈ దేశంలో నేనింకా చూడలేదు. పిల్లులంటారా, వాటికి అడిగే అలవాటు లేదు. ఎవరి మెడలో ఏముందో చూడకుండానే ఒళ్ళోకెక్కి కూచుంటాయి.